గంట దాటిన కోడి

ఇప్పలగట్టు ఆడపిల్లల హాస్టల్లో ఆదివారం అంటే కోడికూర. వారంలో మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క పూట కోసం ఓపిక పట్టడానికి ఉన్నవే. పోయిన వారం మెడ ముక్క ఎవరి కంచంలో పడింది, ఈ వారం తొడ ముక్క ఎవరికి రావాలి, పులుసు ఎక్కువ పోయించుకుని ముక్క తక్కువ తీసుకున్నవాళ్ళకు ఎవరు బాకీ ఉన్నారు, ఈ పంచాయితీలు సోమవారం మొదలైతే శనివారం దాకా తెగేవి కావు. ఏ కోడికైనా రెండు తొడలే ఉంటాయని వార్డెన్ సులోచన ప్రతివారం నచ్చజెప్పేది. పిల్లలు వినేవాళ్ళు కాదు. వాళ్ళు వినకపోవడం ఆమెకు ఇష్టంగానే ఉండేది.

అలాంటి హాస్టల్ మీదికి ఒక ఉత్తర్వు వచ్చి పడింది.

ఎక్కడో వేరే జిల్లాలో, ఏదో హాస్టల్లో పిల్లలకు కడుపునొప్పి వచ్చిందట. విచారణ చేస్తే పులిసిపోయిన మజ్జిగ వల్ల అని తేలింది. అయితే మజ్జిగ మీద అంతకు ముందు ఏడాదే ఒక ఉత్తర్వు ఇచ్చేసి ఉన్నారు. మళ్ళీ మజ్జిగ మీదే ఇస్తే మొదటి ఉత్తర్వు పనిచెయ్యలేదని ఒప్పుకున్నట్టవుతుంది. ఏమీ ఇవ్వకపోతే చర్య తీసుకోలేదని పేపర్లవాళ్ళు రాస్తారు. బాగా ఆలోచించి, ఇంతవరకు ఎవరూ ఏమీ అనని కోడి మీద ఇచ్చారు.

ఉత్తర్వులో రెండే రెండు ముక్కలున్నాయి. మొదటిది, పచ్చి కోడిమాంసాన్ని గది ఉష్ణోగ్రత వద్ద గంటకు మించి ఉంచరాదు, మించిన పక్షంలో తక్షణం ధ్వంసం చెయ్యాలి. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. సులోచన వాళ్ళమ్మ ఏ ఉత్తర్వూ లేకుండానే జన్మంతా అలా చేసింది. రెండోది, పచ్చి కోడిమాంసాన్ని భద్రతా కమిటీ సభ్యులందరూ కళ్ళారా చూసి సంతకాలు పెట్టేదాకా విద్యార్థినుల కోసం వంట మొదలుపెట్టరాదు. ఇదీ వినడానికి బాగానే ఉంది. ఈ రెండూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి కూర్చోవడంతోనే వచ్చింది తంటా అంతా.

కమిటీకి అధ్యక్షుడు వరదరాజం. పచ్చి కోడి భద్రతకు జిల్లా ప్రత్యేకాధికారి. అంతకు ముందు ఆయన చెరువు కట్టల శాఖలో ఉండేవాడు. రాజధానిలో ఏదో శిక్షణకు పంపితే వెళ్ళి, కోడి మీద అపారమైన భక్తితో తిరిగి వచ్చాడు. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా గది ఉష్ణోగ్రత గురించే మాట్లాడేవాడు. ఆయన కింద సభ్యులు నలుగురు. కోడి కాబట్టి పశువుల డాక్టరు, భద్రత కాబట్టి నర్సమ్మ, ఏ కమిటీలోనైనా ఉండాలి కాబట్టి రెవెన్యూ గిర్దావరు, ఉష్ణోగ్రత అన్న మాట ఉంది కాబట్టి కరెంటాఫీసు ఇంజినీరు.

మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మల్లేశం తన చికెన్ షాపు నుంచి కోడిమాంసం తెచ్చి దింపాడు. వంటామె కొమురమ్మ అప్పటికే అల్లం వెల్లుల్లి నూరి, పొయ్యి వెలిగించి, గంటె పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఏంది మేడం, అట్లనే సూస్తున్నరు? పొయ్యి మీద ఎయ్యాలె గద?"

"ఆగు కొమురమ్మా, సంతకాలు కావాలె."

"కోడి సంతకాలా?"

"కాదు, సార్లవి."

కొమురమ్మ పొయ్యి ఆర్పింది. నర్సమ్మ తొమ్మిదింటికి వచ్చింది. గిర్దావరు మధ్యలో ఎక్కడో టీ తాగి వచ్చాడు. ఇంజినీరు వచ్చి మాంసం వంక చూడకుండా స్విచ్ బోర్డు వంక చూశాడు. ఆ తర్వాత పశువుల డాక్టరు వచ్చి, గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"మేడం, నా డ్యూటీ పానం ఉన్నంతవరకే. ఇది సచ్చిపోయింది. సచ్చిపోయినదాని మీద నేను అభిప్రాయం చెప్తే, ఏ అధికారంతోని చెప్పినవని రేపు ఎవడన్న అడుగుతడు."

"మరి సంతకం సార్?"

ఆయన కొంచెంసేపు గింజుకుని, 'పరిశీలించే సమయానికి కోడి మరణించి ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు.

వరదరాజం జీపు పదకొండింటికి వచ్చింది. ఆయన దిగడంతోనే గిన్నె దగ్గరికి నడిచి, వంగి చూసి, చేతి గడియారం చూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ఎన్ని గంటలకు చేరుకుంది?"

"ఎనిమిదింటికి సార్," అంది సులోచన.

"ఇప్పుడెంతయింది? అంటే?" అని బడిపంతులులా అందరి వంకా చూశాడు.

"మూడు గంటలు సార్," అన్నాడు ఇంజినీరు. అధికారుల కూడికలు ఆయనకు బాగా వచ్చు.

"చూశారా!" అన్నాడు వరదరాజం గద్గదంగా. "ఈ రోజు మనం సకాలంలో వచ్చి ఉండకపోతే, ఈ పసిపిల్లలు దీన్ని తినేసి ఉండేవాళ్ళు!"

"మీ కోసం ఆగకపోతే ఎనిమిదిన్నరకే ఉడుకుతుండేది సార్."

"అక్కడే ఉంది ప్రమాదం మేడం. పరీక్ష కాకుండా ఉడికిన కోడి చూడ్డానికి మామూలు కోడికూరలాగే ఉంటుంది. క్షేత్రస్థాయిలో తేడా కనిపెట్టడం అసాధ్యం."

హాస్టల్ వెనక గొయ్యి తవ్వించారు. మాంసం అందులో వేసి, పైన సున్నం చల్లి, ఫినాయిల్ పోసి, మట్టి కప్పారు. పిల్లలందరూ కిటికీ చువ్వలు పట్టుకుని చూశారు. తొమ్మిదో తరగతి గంగామణి మెస్ లీడరు. దానికి నోరు ఆగదు.

"మేడం, కోడికి దినాలు గూడ చేస్తరా?"

పిల్లలు నవ్వారు. సులోచన కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. కమిటీ హడావిడిగా జీపెక్కి పక్క మండలం హాస్టలుకు వెళ్ళిపోయింది. అక్కడ కోడి పొద్దుటి నుంచీ వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

ఆ మధ్యాహ్నం పప్పు వండారు. కొత్తగా చేరిన అయిదో తరగతి పిల్ల ఒకతి ఖాళీ కంచం పట్టుకుని గిన్నె దాకా వచ్చి, మూత తీసి చూసి, ఏమీ అనకుండా అన్నం పెట్టించుకుని పోయింది. సులోచనకు ఆ పూట అన్నం సయించలేదు. పిల్లలు ఏడ్చినా బాగుండేదనిపించింది.

రెండో ఆదివారానికి ఆమె ఉపాయం ఆలోచించింది. కోడి వచ్చాక కమిటీ రావడం వల్ల కదా ఇదంతా, కమిటీ వచ్చాక కోడి వస్తే సరి. ఫోను చేసేదాకా కత్తి పట్టొద్దని మల్లేశానికి చెప్పింది. అందరూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నాక ఫోను చేసింది. కాసేపటికే మల్లేశం మోటారు సైకిలు మీద వచ్చేశాడు. మాంసం ఇంకా వెచ్చగానే ఉంది.

"అమోఘం!" అన్నాడు వరదరాజం. "సమన్వయమంటే ఇది. నా సర్వీసులో ఇంత తాజా కోడిని చూడలేదు. దీన్ని వృథా చెయ్యకూడదు."

"అవును సార్, వెంటనే పొయ్యి మీద..."

"వెంటనే అవగాహన సదస్సు పెట్టాలి. పిల్లల్ని పిలవండి."

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కోడిమాంసం పళ్ళెంలో పెట్టి, పళ్ళెం చుట్టూ బంతిపూలు పెట్టారు. ఉష్ణోగ్రత చూడ్డానికి పంపుతామన్న పరికరం జిల్లా గోదాములోనే ఉండిపోయింది. నర్సమ్మ సంచిలోంచి జ్వరం చూసేది తీసి, ఇంకెక్కడ పెట్టాలో తెలియక, రెక్క కింద పెట్టింది. చాలాసేపు పట్టుకుని, "జ్వరం లేదు సార్," అంది. వరదరాజం ఆ మాట రాసుకున్నాడు.

తర్వాత ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేస్తూ ఉపన్యాసం మొదలైంది. ఆయన చెప్పినవన్నీ మంచి మాటలే. పచ్చి కోడిని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దానికి వాడిన కత్తీ పీటా కూరగాయలకు వాడకూడదు. కుళాయి కింద పెట్టి కడిగితే నీళ్ళు చింది క్రిములు వంటిల్లంతా పాకుతాయి. పచ్చిదీ వండిందీ పక్కపక్కన పెట్టకూడదు. పిల్లల చేత గాలిలో చేతులు కడిగించాడు. గాలిలో తుడిపించాడు. సరిగా రాలేదని మళ్ళీ కడిగించాడు. కొమురమ్మ గుమ్మంలో గంటె పట్టుకుని ఒకసారి గోడ వంక, ఒకసారి పళ్ళెం వంక చూస్తోంది.

సులోచన గోడ గడియారం చూసి లేచి నిలబడింది. "సార్, ఆ కోడి..."

"ప్రశ్నలు చివర్లో మేడం."

క్రిములు ఒకటి రెండు కావడం, రెండు నాలుగు కావడం, నాలుగు ఎనిమిది కావడం ఒక్కో బొమ్మగా చూపించాడు. లక్ష దాకా తీసుకెళ్ళాడు. మధ్యలో కరెంటు పోతే ఇంజినీరే స్వయంగా వెళ్ళి తెప్పించాడు. అంతా అయ్యాక వరదరాజం కళ్ళజోడు తీసి, బల్ల వైపు చెయ్యి చాపాడు.

"అమ్మాయిలూ, మనం మొదలుపెట్టినప్పుడు ఈ కోడి సురక్షితం. ఇప్పుడు?"

పిల్లలకు పాఠం బాగా ఎక్కింది. "ప్రమాదకరం!" అన్నారు ముక్తకంఠంతో.

"అయ్యో," అంది గంగామణి ఆలస్యంగా.

సభ్యులు చప్పట్లు కొట్టారు. మొదటి గొయ్యి పక్కన రెండో గొయ్యి తవ్వారు. ఆ పూటా పప్పే.

అయితే వరదరాజం మనసులేని మనిషి కాదు. ఇది ఫ్రిజ్ లేకపోవడం వల్ల వచ్చిన సమస్య అని గ్రహించి, పైవాళ్ళ వెంటపడి, యుద్ధప్రాతిపదికన ఆ వారంలోనే పెద్ద ఫ్రిజ్ తెప్పించాడు. నిలువెత్తు ఫ్రిజ్. శనివారమే బిగించి, కరెంటిచ్చి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, దాని మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పి వెళ్ళాడు. ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి జాయింట్ డైరెక్టర్ గారు వస్తున్నారు. తొలి కోడిని వారి అమృతహస్తాలతో లోపల పెట్టాలి.

ఆదివారం పొద్దున కోడి వచ్చింది. సభ్యులందరూ ముందే వచ్చారు. జాయింట్ డైరెక్టర్ గారు ఇదిగో బయల్దేరారు, అదిగో టిఫిను చేస్తున్నారు అని ఫోన్లు వస్తున్నాయి. మాంసం గిన్నె ఫ్రిజ్‌ని ఆనుకుని స్టూలు మీద ఉంది.

"ఒక్కసారి తలుపు దీసి లోపటికి తోస్తె ఏమైతది సార్?" అంది కొమురమ్మ.

"రిబ్బను తెగని ఫ్రిజ్ అధికారికంగా ఫ్రిజ్ కాదమ్మా," అన్నాడు వరదరాజం. "అది ప్రస్తుతానికి ఒక బీరువా."

"లోపల మాత్రం మస్తు చల్లగున్నది సార్," అన్నాడు ఇంజినీరు. "రాత్రి నుంచి నడుస్తున్నది."

"చల్లగా ఉండనివ్వండి. తొందరపడి ఎవరూ చల్లదనాన్ని వాడుకోవద్దు."

జాయింట్ డైరెక్టర్ గారు ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చారు. రిబ్బను కత్తిరించారు. కోడిని లోపల పెట్టబోతుంటే వరదరాజం అడ్డుపడి, గంట దాటిన కోడిని కొత్త ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ కలుషితమవుతుందని వినయంగా విన్నవించాడు. వారు ఆయన భుజం తట్టారు. కొబ్బరికాయ కొట్టి, ఆ రెండు చెక్కలూ లోపల పెట్టి ఫొటోలు తీయించుకున్నారు. కోడి మూడో గోతిలోకి పోయింది.

రాజధాని నుంచి అంత పెద్దాయన వచ్చాక ఊరికే పంపలేరు కాబట్టి, ఆ రోజు కమిటీకి కూడా ఆఫీసు గదిలో భోజనం పెట్టారు. సులోచన వడ్డిస్తోంది. గిన్నె మూత తియ్యగానే మసాలా వాసన గుప్పుమంది. ఎర్రగా, నూనె తేలుతూ, కోడికూర. ఆమె గిన్నె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

"కొమురమ్మా, ఈ కోడి ఎక్కడిది?"

"సార్లు చెప్తె మల్లేశం తెచ్చిండు మేడం. పొద్దుగాల రెండు గిన్నెలు దింపిండు. పెద్దది పిల్లలది, అది స్టూలు మీదికి పోయింది. చిన్నది సార్లది, ఇది పొయ్యి మీదికి పోయింది."

"కమిటీ చూడలేదా దీన్ని?"

"కమిటీ తినేదాన్ని కమిటీ ఎందుకు సూస్తది? అన్నం ఆలస్యమైతే నన్ను తిట్టరా?"

సులోచన తిరిగొచ్చి వడ్డించింది. జాయింట్ డైరెక్టర్ గారు రెండోసారి కూడా వేయించుకున్నారు. వరదరాజం ఎముక చీకుతున్నాడు. ఆయన ఎముక చీకే చప్పుడుకు సులోచనకు ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచకుండానే అడిగింది.

"సార్, ఈ కూర కోడిని మీరు పరీక్ష చెయ్యలేదు కదా?"

"ఉత్తర్వు విద్యార్థినులకు వడ్డించే కోడి గురించి మేడం," అన్నాడు వరదరాజం ఏమాత్రం తడబడకుండా. "సభ్యుల భోజనం ఆ పరిధిలోకి రాదు. సభ్యులు బాధ్యత గల వ్యక్తులు."

బయట వరండాలో పిల్లలు పప్పన్నం కలుపుకుంటున్నారు. గాలి అటే వీస్తోంది. సులోచన ఒక్క క్షణం అటు చూసి, జాయింట్ డైరెక్టర్ గారి వైపు తిరిగింది.

"సార్, కమిటీలో సభ్యుల్ని పెంచుకోవచ్చా?"

"పెంచుకోవచ్చా ఏమిటమ్మా, పెంచుకోవాలి!" అన్నారు వారు నోటినిండా కూరతో. "ప్రజా భాగస్వామ్యం లేని పథకం పథకమే కాదు."

"మా పిల్లలు చాలా ఆసక్తిగా ఉన్నారు సార్. చేతులు కడుక్కోవడం కూడా వచ్చేసింది."

"అద్భుతం! లబ్ధిదారులే సభ్యులు! ప్రతి ఆడపిల్లా ఒక కోడి సంరక్షకురాలు!" ఆ మాట ఆయనకే ఎంతో నచ్చింది. మళ్ళీ ఒకసారి అని, రాసుకొమ్మని వరదరాజానికి చెప్పారు. వరదరాజం ఎడంచేత్తో రాసుకున్నాడు. పిల్లలందరినీ సభ్యులుగా చేర్చుకుంటున్నట్టు బుధవారానికల్లా కాగితం వచ్చింది.

మరుసటి ఆదివారం మల్లేశం ఎనిమిదింటికి ఒకే ఒక్క పెద్ద గిన్నె దింపాడు. అది దించిన చేతుల మీదుగానే పొయ్యెక్కింది. కమిటీ ఒక్కొక్కరుగా వచ్చేసరికి ఆవరణంతా ఉల్లిగడ్డా ధనియాల వాసన. వరండాలో పిల్లలు వరసగా, చొక్కాలకు 'సభ్యురాలు' అన్న అట్టముక్కలు గుచ్చుకుని, కంచాలు ముందు పెట్టుకుని, ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చున్నారు. సులోచన మాత్రం గేటు వంకే చూస్తోంది. వరదరాజం కాదంటే ఉడికిన కూర కూడా గోతిలోకే పోతుంది. ఈసారి పిల్లల ముఖాలు చూడగలనన్న ధైర్యం ఆమెకు లేదు.

వరదరాజం జీపు దిగి, బల్ల వంక, స్టూలు వంక, ఫ్రిజ్ వంక చూశాడు.

"పరీక్షకు కోడి ఏది మేడం?"

"లేదు సార్. వచ్చిందంతా సభ్యుల భోజనానికే సరిపోయింది."

"మరి పిల్లలకో?"

"పిల్లలెవరూ లేరు సార్. అందరూ సభ్యులే."

గిర్దావరు నేల చూపులు చూశాడు. పశువుల డాక్టరు తనకు సంబంధం లేదన్నట్టు ఆకాశం వంక చూశాడు. వరదరాజం చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. సభ్యత్వాలు రద్దు చేద్దామంటే జాయింట్ డైరెక్టర్ గారి నినాదం అప్పటికే గోడల మీద రాయించి ఉన్నాడు. సభ్యుల కూరను పరీక్ష చేద్దామంటే అది తన కూరను కూడా పరీక్ష చెయ్యడమే అవుతుంది.

"అంటే, ఈ రోజు ఈ ఆవరణలో గంట దాటిన పచ్చి కోడి..."

"లేదు సార్."

"గంట దాటనిది?"

"అదీ లేదు సార్. అసలు పచ్చి కోడే లేదు."

వరదరాజం కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "గొయ్యి?"

"అక్కర్లేదు సార్."

"నూటికి నూరు శాతం!" అని అరిచాడాయన. సులోచనకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "మేడం, జిల్లాలో ఏ హాస్టలూ ఈ స్థాయికి చేరలేదు. గది ఉష్ణోగ్రత వద్ద పచ్చి కోడి లేని తొలి ప్రాంగణం మనది!" అక్కడికక్కడే రాజధానికి ఫోను చేసి చెప్పి, ఆ ఊపులోనే ఉపన్యాసం మొదలుపెట్టాడు.

ఉపన్యాసం ఎవరూ వినలేదు. కొమురమ్మ గిన్నె పట్టుకుని వరసలో నడుస్తూ, "సభ్యురాలా, ఇంకో ముక్క ఎయ్యాల్నా?" అని అడుగుతోంది. ఏ సభ్యురాలూ వద్దనలేదు. వరస చివర ఇద్దరు సభ్యులు తొడ ముక్క కోసం జుట్లు పట్టుకున్నారు. అయిదో తరగతి కొత్త పిల్ల మాట్లాడకుండా, తల ఎత్తకుండా, పులుసు కంచం అంచుకు కారితే దాన్ని కూడా వేలితో తీసుకుని తింటోంది. సులోచనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడకుండా కొంగుతో తుడుచుకుని, అన్నం బేసిన్ ఎత్తుకుని వడ్డనకు దిగింది.

వరదరాజం ఉపన్యాసం ముగించి, "గౌరవ సభ్యులు ఏమైనా సూచనలు చెయ్యదలిస్తే సెలవియ్యండి," అన్నాడు.

గంగామణి లేచి నిలబడింది. "సార్, ఈ మీటింగు మల్ల ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం తల్లీ."

"అంతదాక ఎందుకు సార్? రేపు గూడ పెట్టుండ్రి."

వరదరాజం నిలువునా కదిలిపోయాడు. పచ్చి కోడి భద్రత మీద ఇంతటి తపన తన సర్వీసులో ఎక్కడా చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, రేపు కూడా సమావేశం కావాలనేవాళ్ళు చేతులెత్తండని అడిగాడు.

అందరూ ఎత్తారు. కూర అంటుకున్న ఎంగిలి చేతులే ఎత్తారు. రెండో చేత్తో కంచాలు గట్టిగా పట్టుకుని ఉన్నారు.